ఓబమ్మ మూడు బకెట్లు

ముందే చెప్తాండాను, నాకి కోపం జాస్తి. మా ఇంట్లో చెప్తారు, ఆస్పత్రిలో చెప్తారు, పావగడ బస్టాండులో ఆటోవాళ్లు గూడా చెప్తారు. కాబట్టి నేను చెప్పేటప్పుడు మధ్యలో ఎవురూ అడ్డం రావద్దండి. ఈ పొద్దు నా గుండె ఇంకా దడదడా కొట్టుకుంటానే ఉండాది, సంతోషంతోనే. ఆ సంగతి మీకు తెలియల్లంటే ముందు ఓబమ్మ తెలియల్ల.

నా పేరు రామాంజినప్ప. మాది రాయచెర్లు. నా నాలుగెకరాల చేను సోలార్ ప్యానెళ్ల కింద పడుకోని ఉండాది. "చేను కౌలుకిచ్చినావు గదప్పా, ఇంట్లో కాళ్లు సాపుకోని కూర్చోకుండా ఈ అంబులెన్సు నీకెందుకు" అని మా ఊర్లో అడుగుతారు. కూర్చోని తినేది నాకి చేతగాదు. తొమ్మిదేండ్లుగా పావగడ తాలూకా ఆస్పత్రి దగ్గర అంబులెన్సు నడుపుతాండాను. బండిలో నా వెనకాల నర్సు శిల్పశ్రీ ఉంటాది. వయసులో నా కంటే పన్నెండేండ్లు చిన్నది, నోటితో నా కంటే పెద్దది.

ఓబమ్మ మా ఆస్పత్రిలో కసువు ఊడ్చే మనిషి. మంగళవాడ నుంచి పొద్దున మొదటి బస్సుకే వచ్చేస్తాది. యాభై ఎనిమిదేండ్లు. చీర కొంగు నడుముకు బిగించి, చేతిలో పరక పట్టుకోని తిరుగుతాంటే డాక్టర్లు గూడా పక్కకి జరుగుతారు, తడి నేల తొక్కితే ఆ యమ్మ ఊరుకోదు. ఒకప్పుడు వాళ్లకి మంగళవాడలో మెట్టచేను ఉన్నింది. వానల్లేక శెనక్కాయ మూడేండ్లు వరసగా ఎండిపోయె, మొగుడు పోయె, ఇద్దరు బిడ్డల్ని పెట్టుకోని ఇరవై రెండేండ్ల కిందట ఆస్పత్రిలో చేరింది. ఎంతమంది డాక్టర్లు వచ్చినారో, ఎంతమంది బదిలీ అయినారో. మేమంతా ఓబక్క అని పిలిచే ఆ యమ్మ మాత్రం ఆడనే ఉండాది.

మా పక్క చావింటికి పోయొచ్చినోళ్లు కాళ్లు కడుక్కోకుండా గడప తొక్కరు. అది అందరికీ తెలిసిందే. ఓబక్క ఆ పద్ధతిని అంబులెన్సుకు పెట్టింది. "బండి గూడా చావు చూసొచ్చిందే. మీరు గూడా చూసొచ్చినారు. కడుక్కోకుండా ఇంటికెట్ల పోతారప్పా" అంటాది. చెడ్డ కేసు ఏదన్నా వస్తే ఆస్పత్రి వెనకాల కొళాయి దగ్గర బండి నిలపల్ల. నేనూ శిల్పశ్రీ ఓబక్కతో చేరి మా చేతులతోనే కడగల్ల. ఇంకెవురూ ముట్టకూడదు.

మూడు బకెట్లు. మొదటి బకెట్‌కు ఎవురూ నోరు తెరవకూడదు. రెండో బకెట్‌కు ఓబక్క ఒక్క మాట అడుగుతాది, "పొద్దున తిండి ఏం తిన్నావు?" తిన్నది తిన్నట్ల చెప్పల్ల. ఇడ్లీ తింటే ఎన్ని ఇడ్లీలు, చట్నీ ఎట్ల ఉన్నింది, అన్నీ. ఆడ నుంచి పట్టుకోని కేసు దాకా ఒక్కొక్క అడుగే వచ్చేలోగా మూడో బకెట్ అయితాది. యాడ గొంతు పట్టుకుంటే ఆడ నిలిపేయొచ్చు. "పోనీలే, మర్చిపో" అని ఓబక్క ఎప్పుడూ అనదు. ఇని గమ్మున బండి తుడుస్తా ఉంటాది.

నేను చేరిన కొత్తలో నవ్వినాను. నాకి ముందు దాసన్న అని ఒక డ్రైవర్ ఉండేవాడంట. ఒక పొద్దు చెడ్డ కేసు తెచ్చి, బండి కడక్కుండా తాళం పడేసి పోయినాడు, మళ్ల ఆస్పత్రి మొగం చూడలే. ఆ తర్వాతనే ఓబక్క ఈ బకెట్లు మొదలుపెట్టింది. నా మొదటి చెడ్డ కేసుకు మూడో బకెట్ అయ్యేలోగా నేను ఏడ్చినాను. ఆ మాట ఈ పొద్దు వరకు ఎవురికీ చెప్పలే.

ఇంక అసలు సంగతికి వస్తాండాను.

పోయిన ఎండాకాలం రాయచెర్లు దారిలో, నీళ్లట్యాంకు మలుపు దగ్గర, షేర్ ఆటోని ఇటుకల ట్రాక్టరు గుద్దేసింది. ఏడుమందికి దెబ్బలు. మేము పోయేలోగా రోడ్డంతా అరుపులే. శిల్పశ్రీ ఒకాయన తలకు కట్టు కట్టేదాంట్లో ఉన్నింది, ఇంకొక అంబులెన్సు దూరంలో ఉన్నింది. ట్యాంకు గోడకు ఆనుకోని ఒక కాలేజీ పిల్ల కూర్చోని ఉన్నింది, ఒళ్లో టిఫిన్ డబ్బా. రక్తం చుక్క లేదు. నేను దగ్గరికి పోతే, "నాకేం కాలేదన్నా, ముందు ఆ యవ్వను ఎక్కించుకోండి" అనింది. "గమ్మున ఈడనే కూర్చోమ్మా, ఇప్పుడే వస్తాను" అని చెప్పి, అరిచేవాళ్లనంతా ఎక్కించుకోని పోయినాను.

తిరిగి వచ్చేకి గంట పట్టింది. ఆ పిల్ల పక్కకి ఒరిగి ఉన్నింది. దెబ్బ కడుపు లోపల తగిలింది. పావగడ చేరేలోగా పోయింది. అరిచేవాళ్లకి ఊపిరి ఉండాదని అర్థం, గమ్మునుండేవాళ్లని ముందు చూడల్ల అని ట్రైనింగులో మాకు నూరుసార్లు నేర్పినారు. ఆ పొద్దు నేను మర్చిపోయినాను.

బండి ఆస్పత్రికి తెచ్చినాను. ఓబక్క కొళాయి దగ్గర మూడు బకెట్లు నింపి పెట్టుకోని ఉన్నింది. అంతలో మా యువకుల సంఘం పిల్లోళ్లు పదిమంది వచ్చి మీద పడినారు. "అన్నా, నువ్వు అలసిపోయినావు, బండి మేము కడిగిస్తాం" అని తాళం నా చేతిలో నుంచి తీసుకోని సర్వీస్ స్టేషన్‌కు తోలుకోని పోయినారు. "ఆగండప్పా, ఆగండి" అని ఓబక్క చెప్తానే ఉండాది, ఇనే నాథుడు లేడు. వాళ్లు చెడ్డోళ్లు కాదు. నా మీద ప్రేమతోనే చేసినారు, ఆ ప్రేమే నా కొంప ముంచింది.

మా పక్క ఎవురన్నా ఏదన్నా మంచి పని చేస్తే సన్మానం చెయ్యల్ల, లేకుంటే ఎవురికీ నిద్ర పట్టదు. రెండు దినాలకే బస్టాండు దగ్గర పందిలి వేసినారు. నురగలు పెట్టి కడిగిన నా బండికి అరటి పిలకలు, బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు, ఆయుధపూజకు చేసినట్లనే చేసినారు. నాకి శాలువా, తలకి మైసూరు పేటా, పండ్ల బుట్ట. నా కంటే ఎత్తు ఫ్లెక్సీ, "ఆరుమంది ప్రాణదాత రామాంజినప్ప" అని. ఏడో మనిషి ఫ్లెక్సీలో లేదు.

మైకు చేతికిచ్చి "ఏం జరిగిందో చెప్పన్నా" అన్నారు. చెప్పినాను. చప్పట్లు కొట్టినారు. ఆ తర్వాత స్కూల్లో చెప్పమన్నారు, పంచాయితీలో చెప్పమన్నారు, టీ అంగడిలో చెప్పమన్నారు. చెప్పిన ప్రతిసారీ ఆరుమంది గురించి చెప్పినాను, ఇంటికి పోయి ఆ ఒక్క పిల్లతో రాత్రంతా మాట్లాడినాను. సన్మానం పొద్దు ఓబక్క జనం వెనకాల నిలబడి ఉన్నింది. ఆ యమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టలే. పండ్లు పంచేకి ముందే పరక తీసుకోని పోయింది.

ఆ తర్వాత ఒక దరిద్రం పట్టుకునింది నాకి. రాయచెర్లు పక్క కాల్ వచ్చిందంటే చేతులు వాటంతట అవే స్టీరింగును చుట్టుదారికి తిప్పేవి. మలుపు దగ్గర గుంతలు పడినాయని ఒక పొద్దు, గొర్రెలమంద అడ్డమొచ్చిందని ఒక పొద్దు శిల్పశ్రీకి చెప్పేవాణ్ణి. పదకొండు నిమిషాలు జాస్తి పట్టేది. మా ఊరికి పోయే దారి అది, పుట్టినప్పటి నుంచి తిరిగిన దారి, నా ఇంటికి నేనే చుట్టు తిరిగి పోయేవాణ్ణి. నా మీద నాకే రోత పుట్టేది.

మూడు నెలలు శిల్పశ్రీ గమ్మునుండె. ఒక పొద్దు రాయచెర్లు నుంచి గుండెనొప్పి కేసు, ముసలాయన, మళ్ల చుట్టుదారే. బతికినాడు, ఆయన అదృష్టం. ఆయన్ని లోపలికి పంపించి, శిల్పశ్రీ వచ్చి బండి తలుపు ధడాలున వేసింది.

"అన్నా, గొర్రెలు లేవు, గుంతలు లేవు. నాకి అన్నీ తెలుసు. నీ మీద గౌరవంతో ఇన్నాళ్లు నోరు మూసుకున్నాను. మళ్ల రాయచెర్లు కాల్ వస్తే నేరుగా పోతావా, తాళం ఇచ్చేస్తావా, నువ్వే చెప్పు. ఆ పదకొండు నిమిషాల్లో ఎవురన్నా పోతే నీతో పాటు నాకి గూడా పాపం."

నాకి తిక్క రేగింది. నోటికొచ్చినట్ల అరిచినాను. శిల్పశ్రీ కండ్లల్లో నీళ్లు పెట్టుకునింది గానీ మాట ఎనక్కి తీసుకోలే. తాళం జేబులో పెట్టుకోని ఎనకాలకి పోతే కొళాయి దగ్గర ఓబక్క. మూడు బకెట్లు.

"ఈ పొద్దు ఎవురూ చావలే గదక్కా. బండి శుభ్రంగా ఉండాది" అన్నాను.

"మూడు నెల్ల కిందటిది బాకీ ఉండాది" అనింది.

కాలితో ఒక బకెట్ తన్నినాను. నీళ్లన్నీ పోయినాయి. ఓబక్క నా పక్క చూడకుండా దాన్ని తెచ్చి మళ్ల కొళాయి కింద పెట్టింది. "తన్నుప్పా, ఇంకా రెండు ఉండాయి. బకెట్లకేం నొప్పి లేదు" అనింది. నవ్వల్నా ఏడవల్నా తెలియలే. గుడ్డ తీసుకున్నాను.

మొదటి బకెట్ గమ్మున అయిపోయింది. శిల్పశ్రీ గూడా వచ్చి, మొగం తిప్పుకోని, రెండో గుడ్డ తీసుకునింది. రెండో బకెట్‌కు ఓబక్క అడిగింది, యాక్సిడెంటు పొద్దున ఏం తిన్నావు అని. మూడు నెలలైనా మర్చిపోలేదు చూడండి, ఉప్పిట్టు, దాంట్లో జీడిపప్పు ఒక్కటే ఉన్నింది. ఆడ నుంచి మొదలుపెట్టినాను. మైకులో చెప్పిందేదీ చెప్పలే. ఆ పిల్ల గురించి చెప్పినాను.

"ఏమనింది నీతో?"

"నాకేం కాలేదన్నా అనింది."

"నువ్వు నమ్మినావు."

"నమ్మినాను."

ఓబక్క చక్రం తుడిచి గుడ్డ పిండింది. "అది తప్పే రామాంజినప్పా. తప్పు కాదని నేను చెప్పను, చెప్పినా నువ్వు నమ్మవు. పాపం మాత్రం కాదు. పరాయోళ్ల కోసం ఆ బిడ్డ అబద్ధం చెప్పింది, నువ్వు నిజమనుకున్నావు."

మూడు నెల్ల నుంచి ఎంతమంది చెప్పినారో "నీ తప్పేం లేదు" అని. ఒక్కరి మాటా లోపలికి దిగలే. ఇది దిగింది. నేను చక్రానికి తల ఆనించి ఏడ్చినాను, సిగ్గేం లేదు నాకి.

అయితే మలుపు మాత్రం మలుపే. "నాకి కడిగేది ఒక్కటే తెలుసు. చేతులు దారి తప్పేది నా బకెట్లతో పోయేది కాదు. తుమకూరు నుంచి నెలకొకసారి ప్రార్థన మేడం వస్తాది గదా, స్టాఫుతో మాట్లాడేకి. ఆ యమ్మ దగ్గరికి పో" అనింది ఓబక్క.

"నాకేమన్నా పిచ్చి పట్టిందా?"

"పిచ్చోళ్లు నేరుగా పోతారప్పా. చుట్టు తిరిగి పోయేది నువ్వే."

పోయినాను, గొణుక్కుంటానే. ప్రార్థన మేడం నీతులేమీ చెప్పలే. కాగితం ఇచ్చి ఆస్పత్రి నుంచి రాయచెర్లుకు దారి గీయమనింది. ఒక్కొక్క చోటుకు నీ భయానికి పదికి ఎన్ని మార్కులు వేస్తావు అనింది. మలుపుకు పద్నాలుగు అన్నాను. నవ్వింది. ఈ పని చేసేవాళ్లకి ఇది వస్తాదని, ఫైర్ స్టేషన్‌లో వాళ్లకి గూడా వస్తాదని, తప్పించుకునే కొద్దీ పెరుగుతాదని చెప్పింది. కొంచెం కొంచెం దగ్గరికి పోవల్ల, గుండె దడ తగ్గేదాకా ఆడనే ఉండల్ల, తోడు ఒకరు ఉండల్ల. బండిలో వెనకాల కూర్చునే శిల్పశ్రీ ఏం చెయ్యల్లో గూడా చెప్పి పంపించింది. రెండు మూడుసార్లు ఫోన్లో గూడా మాట్లాడింది.

తోడు ఎవురు? ఇంకెవురు, ఓబక్కనే. ఆదివారం నా పాత టీవీఎస్ మీద వెనకాల కూర్చోని, ఒక చేత్తో నా చొక్కా, ఇంకో చేత్తో ఉడకేసిన శెనక్కాయల సంచి పట్టుకునింది. మొదటి ఆదివారం మలుపు కనబడేచోట నిలిపేసినాను. ఆడనే కూర్చోని శెనక్కాయలు తిని వచ్చేసినాము. రెండో ఆదివారం ట్యాంకు దాకా. మూడో ఆదివారం గోడకు ఆనుకోని, ఆ పిల్ల కూర్చున్నచోటనే కూర్చున్నాను. మా ఊరి సంజీవప్ప బైకు నిలిపి "ఏం రామాంజినప్పా, ఓబమ్మతో షికారా" అన్నాడు. నేను లేచేలోగా ఓబక్క "ఔనప్పా, నీకి గూడా రెండు శెనక్కాయలు కావల్నా" అనింది. వాడు తలకాయ గోక్కుంటా పోయినాడు.

ఇది జరిగి పదిదినాలు. ఈ లోపల ఆ పక్క నుంచి కాల్ రాలే. బైకులో పోయేది వేరే, సైరన్ వేసుకోని పోయేది వేరే. ఆ సంగతి నాకి తెలుసు, శిల్పశ్రీకి తెలుసు, ఓబక్కకూ తెలుసు.

ఈ పొద్దు తొమ్మిదింపావుకు ఫోన్ మోగింది. రాయచెర్లు సోలార్ పార్కు. వానలకు ప్యానెళ్ల కింద గడ్డి నడుము ఎత్తు పెరిగి ఉండాది, కోసేకి వచ్చిన కూలీలకి పాము తగిలింది. నేను తాళం తిప్పినాను. ఓబక్క గేటు దగ్గర పరక పట్టుకోని నిలబడి ఉన్నింది. ఏమీ అనలే, గేటు తీసింది.

చుట్టుదారి తిరిగేచోటు వచ్చింది. చేతులు అటు లాగినాయి. పళ్లు బిగించి నేరుగా తోలినాను. మలుపుకు ముందు ట్యాంకు కనబడగానే చెవుల్లో హోరు, స్టీరింగు చెమటకు జారుతాంది. వెనకాల నుంచి శిల్పశ్రీ గొంతు, "అన్నా, పొద్దున తిండి ఏం తిన్నావు?"

"చిత్రాన్నం" అన్నాను.

"ఎవురు చేసినారు? గట్టిగా చెప్పు, సైరన్‌లో ఇనబడలే."

"మా ఇంటామె. ఉప్పు జాస్తి వేసింది. పోపులో శెనిగిబ్యాళ్లు మాడగొట్టింది. నిమ్మకాయ లేదంటే చింతపులుసు పోసింది. రెండు మిరపకాయ బజ్జీలు, ఒకటి నా కొడుకు లాక్కున్నాడు." నేను గొంతు చించుకోని మా ఇంటి వంటంతా తిడతాంటే మలుపు ఎనకాలకి పోయింది. అద్దంలో చూసినాను. ట్యాంకు, గోడ, అంతే. గుండె దడ నిలబడలే, బండి గూడా నిలబడలే. నాకి అరవల్ల అనిపించింది, సైరన్ నా బదులు అరుస్తానే ఉన్నింది.

పార్కులో ఇద్దరు ఉన్నారు. చందన్ అనే కుర్రోడు కాలు పట్టుకోని పొర్లుతా "పాము, పాము, చచ్చిపోతాండా" అని ఆకాశం అదిరేలా అరుస్తాండాడు, జనమంతా వాడి చుట్టే. పది అడుగుల దూరంలో ఇనప స్తంభానికి ఆనుకోని ఒక పెద్దాయన కూర్చోని ఉండాడు, చిక్కన్న. నన్ను చూసి "నాకేం కాలేదప్పా, గడ్డి గీసుకుంది. ముందు ఆ పిల్లోణ్ణి చూడండి" అన్నాడు.

నా కాళ్లు ఒక్క క్షణం ఆడనే ఆగినాయి. తర్వాత జనం "ఈడ, ఈడ" అని చెయ్యి పట్టి లాగుతాంటే విదిలించుకోని చిక్కన్న దగ్గరికే పోయినాను. పంచె పైకి లేపితే మడిమ మీద రెండు గాట్లు. శిల్పశ్రీ వచ్చి నోరు తెరవమనింది, చిగుళ్ల నుంచి రక్తం కారుతాంది. రక్తపింజరి. చందన్‌ను చూస్తే వాడు పామును చూసి పరిగెత్తి కాలు మడతపెట్టుకున్నాడు, అంతే. వాణ్ణి బైకులో రమ్మని చెప్పి, చిక్కన్నను ఎక్కించినాము. "నాకేం లేదప్పా" అని ఆయన అంటానే ఉండాడు. "నీకేం లేకపోతే మంచిదే, పడుకో" అని గసిరినాను. తిరిగి వచ్చేటప్పుడు గూడా అదే మలుపు. ఈసారి తిండి గురించి ఎవురూ అడగలే, నాకి అవసరం గూడా రాలే.

ఇంకొక పది నిమిషాలు ఆలస్యమైంటే చెప్పేకి ఉండేది కాదు అన్నాడు డాక్టరు. మధ్యానం మూడు గంటలకు చిక్కన్న కండ్లు తెరిచి, బీడీ ఉండాదా అని నర్సును అడిగినాడంట. ఆ మాట ఇన్నప్పటి నుంచి నేను ఒకచోట నిలబడలేకుండా ఉండాను. ఫార్మసీలో చెప్పినాను, క్యాంటీన్లో చెప్పినాను, మా ఇంటామెకు ఫోన్ చేసి చిత్రాన్నం బాగుందని చెప్పినాను.

ఎనకాలకి పోతే కొళాయి దగ్గర మూడు బకెట్లు.

"ఏందక్కా ఇది? మనిషి బతికినాడు. రక్తం లేదు, ఏమీ లేదు."

"మంచి కేసుకు గూడా కడగల్లప్పా" అనింది ఓబక్క. "లేకుంటే బండికి చెడ్డవే గుర్తుంటాయి."

శిల్పశ్రీ, నేను గుడ్డలు తీసుకున్నాము. మొదటి బకెట్ గమ్మున అయింది, నాకి ఎంత కష్టమైందో దేవుడికే తెలుసు. రెండో బకెట్ ఎత్తేటప్పుడు ఓబక్క నోరు తెరిచేలోగా నేనే అడిగినాను.

"ఓబక్కా, పొద్దున తిండి ఏం తిన్నావు?"

చేతిలో బకెట్ కింద పెట్టింది. నా మొగం చూసింది, శిల్పశ్రీ మొగం చూసింది. "ఏమీ తినలేదప్పా" అనింది చిన్నగా. "నువ్వు యా దారిన పోయినావో తెలిసేదాకా కూర్చోని తినేకి అయిందే కాదు. తెలిసినాక మర్చిపోయినాను."

శిల్పశ్రీ ఆ యమ్మ చేతిలో గుడ్డ లాక్కుని, రెక్క పట్టుకోని మెట్టు మీద కూర్చోబెట్టింది. నేను పోయి ఓబక్క సద్ది డబ్బా తెచ్చి మూత తీసి ఒళ్లో పెట్టినాను. రాగిముద్ద గట్టిపడిపోయి ఉన్నింది. ఒక తునక తుంచి నోట్లో పెట్టుకోని, "ఇరవై రెండేండ్ల కిందట, నేను ఈడ చేరిన మొదటి దినం" అని మొదలుపెట్టింది. మూడో బకెట్ మేమిద్దరమే ఎత్తినాము. చానాసేపు చెప్పింది.

ఏం చెప్పిందో మీకు చెప్పను, అడగొద్దండి, కోపమొస్తాది నాకి. నాది నేను చెప్పుకున్నాను. ఓబక్కది ఓబక్కదే.